ఇంటిపేరు దగ్గర మొదలయ్యే లెక్కలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దె ఇల్లు వెతికినవాళ్ళకి ఈ సంభాషణ కంఠతా వచ్చి ఉంటుంది. టులెట్ బోర్డు చూసి గేటు తీస్తారు. ఇంటావిడ గదులు చూపిస్తారు, మంజీరా నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయో చెబుతారు, బండి ఎక్కడ పెట్టుకోవాలో చెబుతారు. అంతా కుదిరింది అనుకున్నాక మొదలవుతుంది.

"మీదే ఊరండీ?"

"గుంటూరు పక్కనండి."

"పక్కనంటే?"

"పొన్నూరు రోడ్డులోనండి."

"అలాగా. ఇంటిపేరేంటి?"

ఇంటిపేరుతో సంగతి తేలకపోతే, "ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళు మీకేమన్నా అవుతారా?" అంటారు. అక్కడా తేలకపోతే, "నాన్‌వెజ్ వండుకుంటారా?" చివరికి ఇక మొహమాటం ఎందుకని, "ఇంతకీ మీరేమిట్లు?" తెలంగాణ ఇంటావిడైతే "మీరు ఏమోళ్ళు?" జవాబు నచ్చకపోయినా ఎవరూ గొంతు పెంచరు. "మా ఆయన్ని అడిగి ఫోన్ చేస్తామండీ" అంటారు. ఆ ఫోన్ రాదు.

ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. పోలీసు స్టేషన్‌కి వెళ్ళి ఏమని చెప్పాలి? అంటరానితనం పేరుతో ఒకరిని ఫలానా చోట నివాసం ఉండనివ్వకపోవడం నేరమని 1955 నాటి చట్టమే చెబుతోంది. 1976లో దాన్ని సవరించి పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు కూడా. కానీ "మా చుట్టాలబ్బాయి దిగుతున్నాడండీ" అన్న మాటని ఏ సెక్షన్ కింద రాస్తారు? కులం, డబ్బు, చదువు, మతం, ఊరు, యాస ఇవన్నీ కలిసిన మన నేపథ్యం రోజువారీ వ్యవహారాల్లో ఎక్కువగా పనిచేసేది ఇదిగో ఇలాగే. కొట్లాట జరిగినప్పుడు పేపర్లో వస్తుంది, అందరికీ కనిపిస్తుంది. మిగతా రోజుల్లో మర్యాద మాటున, ఇంకా చెప్పాలంటే అభిమానం మాటున నడిచిపోతుంది. ఇక్కడ విప్పి చూడాలనుకుంటున్నది ఆ మిగతా రోజుల్ని.

ఒక్క ప్రశ్నతో తేలని సంగతి

ఎదుటి మనిషి కులం తెలుసుకోవడానికి తెలుగువాళ్ళు ఇన్ని ప్రశ్నలు వెయ్యాల్సి రావడానికి మన పేర్ల తీరే ఒక కారణం. ఇంటిపేరు ముందొస్తుంది, చాలాసార్లు ఒకే అక్షరమై పొడిగా నిలబడుతుంది. చాలా ఇంటిపేర్లు నిజానికి ఊళ్ళ పేర్లు, అందుకని ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది. పేరు చివర రెడ్డి, చౌదరి, శర్మ, గౌడ్ లాంటిది తగిలితే పని సులువే. నాయుడు అన్నారంటే మాత్రం శ్రీకాకుళం వాళ్ళకి ఒక కులం, చిత్తూరు వాళ్ళకి ఇంకో కులం తడుతుంది. రావు అంటే ఏమీ తేలదు. అందుకే ఊరు, పేట, చుట్టరికం, తిండి అంటూ ఒక్కో ప్రశ్నతో వడపోసుకుంటూ వస్తారు.

జవాబు చెప్పేవాళ్ళ దగ్గరా విద్యలున్నాయి. ఊరు అడిగితే పక్కనున్న టౌను పేరు చెప్పడం అందులో మొదటిది. ఎందుకంటే ఊరు పేరు చెప్పగానే "ఊళ్ళోనా, పల్లెలోనా?" అనే ప్రశ్న రావచ్చు. కోస్తా జిల్లాల్లో పల్లె అంటే చాలాచోట్ల దళితులుండే పేట అని అర్థం. ఇంకొన్నిచోట్ల వాడ అంటారు, కాలనీ అంటారు. ఆధార్ కార్డు మీద ఎస్సీ కాలనీ అని అచ్చయి ఉంటే మిగతా ప్రశ్నలతో పనే లేదు. కార్డు చూపించేటప్పుడు అడ్రసున్న వైపు కిందికి పెట్టి ఇచ్చేవాళ్ళు ఉంటారు. అగ్రకులాల్లో పుట్టినవాళ్ళకి ఇలాంటి జాగ్రత్త ఒకటి ఉంటుందని ఊహకి కూడా రాదు.

పేర్ల విషయంలో క్రైస్తవ దళితుల పరిస్థితి మరీ చిత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వర్తింపజేశారు గానీ క్రైస్తవులకి, ముస్లింలకి ఇవ్వలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సి కిందికి వస్తారు. దీంతో చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు ఉన్న కుటుంబాలు కోస్తాలో లెక్కలేనన్ని. ఆదివారం జాన్ బాబు, సోమవారం వెంకటరత్నం. ఆఫీసులో వెంకటరత్నం గారి బల్ల మీద క్రిస్మస్ కేకు కనిపించగానే చుట్టుపక్కల వాళ్ళు చూపులు కలుపుకుంటారు. అంతకుముందు దాకా తేలని లెక్క వాళ్ళకి ఆ కేకుతో తేలిపోతుంది.

పేరుతోనే ఈ లెక్కల్ని తలకిందులు చేద్దామనుకున్నవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఆది హిందూ ఉద్యమం నడిపిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయ్యారు. పక్కనే తమిళనాట పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం 1929లో చెంగల్పట్టు సభలో కులం తోకలు వదిలెయ్యాలని తీర్మానించింది. అక్కడ పేరు చివర కులం పెట్టుకోవడం బాగా తగ్గిపోయింది. కులం మాత్రం తగ్గలేదు. మనవాళ్ళు ఆ తీర్మానం జోలికే పోలేదు. ఈమధ్య సోషల్ మీడియా పేర్ల చివర తోకలు ఇంకా పొడుగవుతున్నాయి కూడా.

అభిమానంతో జరిగే పని

కులం అడిగేవాళ్ళంతా ఎదుటివాణ్ణి తక్కువ చెయ్యడానికే అడుగుతారనుకుంటే సగమే అర్థమైనట్టు. రైల్లో పక్క సీటాయన "మనవాళ్ళేనా!" అని తెలియగానే మొహం వెలిగిపోవడం చూసే ఉంటారు. అక్కణ్ణుంచి మాట తీరే మారిపోతుంది. టిఫిన్ డబ్బా మూత తీసి ఇటు జరుపుతారు. "మా బావమరిది గచ్చిబౌలిలో పెద్ద కంపెనీలో ఉన్నాడు, మీ అబ్బాయి రెజ్యూమె పంపండి" అంటారు. ఇందులో కల్మషం లేదు. ఆయన నిజంగానే మంచాయన, నిజంగానే సాయం చేస్తాడు. కాకపోతే ఆ సాయం ఎవరికి అందుతుందో చూడాలి. ఎదురు బెర్తులో కూర్చున్న ఇంకో కుర్రాడికి ఆయన ఏ అపకారమూ చెయ్యలేదు, రెజ్యూమె అడగలేదంతే.

మన దగ్గర వివక్షలో పెద్ద భాగం ఇలా ప్రేమగానే జరిగిపోతుందని నా అభిప్రాయం. ద్వేషమైతే గుర్తుపట్టొచ్చు, ఖండించొచ్చు. ఒకరి మీద అభిమానం చూపిస్తే తప్పెలా పడతారు? పైగా ఈ అభిమానం చుట్టరికంతో పెనవేసుకుని ఉంటుంది. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు 5 శాతం దగ్గరే ఉన్నాయి. అంటే ఒక మనిషి బావమరుదులు, వియ్యంకులు, మేనమామలు, పెళ్ళిళ్ళలో కలిసే దూరపు బంధువులు దాదాపు అందరూ ఒకే కులం వాళ్ళు. "మావాళ్ళకి చెప్పి చూస్తా" అన్నప్పుడు ఆ మావాళ్ళు ఎవరన్నది పెళ్ళి పందిట్లోనే ఖాయమైపోయింది.

ఇది ఉద్యోగాల దాకా ఎలా పాకుతుందో పరిశోధకులు లెక్క కట్టారు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ పేపర్ ప్రకటనలు చూసి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపించారు. అర్హతలన్నీ సమానం, పేర్లే వేరు. 2007లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, అగ్రకుల హిందూ పేరున్న అభ్యర్థితో పోలిస్తే కంపెనీ నుంచి పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు మూడో వంతే. అదే ఏడాది అచ్చయిన ఇంకో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, అందరూ మేం చూసేది మెరిట్ ఒక్కటే అన్నారు. అంటూనే అభ్యర్థి కుటుంబ నేపథ్యం చాలా ముఖ్యమని కూడా చెప్పారు. మంచి కుటుంబంలో పెరిగినవాడికి మంచి అలవాట్లు ఉంటాయని వాళ్ళ నమ్మకం.

ఆ ఇంటర్వ్యూ గదిని ఊహించుకోండి. "మీ నాన్నగారేం చేస్తారు?" అన్నది చల్లబరచడానికి అడిగే మామూలు ప్రశ్న. బ్యాంకు మేనేజర్ కొడుక్కి ఆ ప్రశ్న వినగానే టెన్షన్ తగ్గుతుంది. పాకీ పని చేసే తండ్రి కూతురికి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఉన్నది చెప్పాలా, "మున్సిపాలిటీలో చేస్తారు సార్" అని ఆపాలా? ఆ ఒక్క క్షణం తడబాటుని బోర్డు మీదున్న పెద్దమనుషులు కాన్ఫిడెన్స్ లేదని రాసుకుంటారు.

వెంకటేశ్వర్లు అన్న పేరుకి ఎన్ని రూపాలో

మన భాషలో ఎదుటివాళ్ళ స్థాయి తేల్చుకోకుండా ఒక వాక్యం పూర్తి చెయ్యడం కష్టం. నువ్వా, మీరా అన్నది ముందు తేలాలి, అప్పుడే క్రియ దొరుకుతుంది. మనిషి ఎదురుగా లేకపోయినా ఇదే బాధ: వాడొచ్చాడు, అతనొచ్చాడు, ఆయనొచ్చారు, వారొచ్చారు. ఆడవాళ్ళకైతే ఇంకా కింది నుంచి, "అది వచ్చింది" దగ్గర మొదలవుతుంది. భర్త "ఒసేయ్" అంటే భార్య "ఏమండీ" అనే ఇళ్ళ గురించి కొత్తగా చెప్పేదేముంది.

పేరూ అంతే. ఒకే ఊళ్ళో నలుగురు వెంకటేశ్వర్లులు ఉన్నారనుకోండి. ఇరవై ఎకరాల ఆసామి వెంకటేశ్వరరావు గారు అవుతాడు. బళ్ళో పనిచేసే ఆయన వెంకటేశ్వర్లు మాస్టారు. చాకలి ఆయన వెంకటేసు. పాలేరు, అరవై ఏళ్ళొచ్చినా, వెంకటిగాడే. పాత తరంలో ఆసామి ఇంట్లో పదేళ్ళ పిల్లాడు కూడా ఆ ముసలాయన్ని ఒరేయ్ అనేవాడు, ఆయన ఆ పిల్లాణ్ణి చినబాబు గారూ అనేవాడు. తెలంగాణ దొరల ఊళ్ళలో "నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా" అనకుండా గడీ ముందు నోరు తెరిచే వీలుండేది కాదు. 1946-51 మధ్య సాగిన సాయుధ పోరాటంలో భూమి, వెట్టి ఎంత ముఖ్యమో, ఆ మాట నోట్లోంచి పోవడమూ అంతే ముఖ్యం.

అమెరికన్ పరిశోధకులు రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరప్ భాషల గురించి ఒక సంగతి చెప్పారు. ఇద్దరూ ఒకరినొకరు నువ్వు అనుకుంటే అది చనువు. ఒకరు నువ్వు అని, రెండోవారు మీరు అంటే అది అధికారం. కాబట్టి ఏ మాట వాడారన్నది కాదు, అదే మాట తిరిగి వస్తోందా లేదా అన్నది చూడాలి. తెలంగాణ పల్లెల్లో కొడుకు తండ్రిని నువ్వు అంటాడు, కోడలు అత్తని నువ్వు అంటుంది, అందులో అగౌరవం ఏమీ లేదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళకి అది మోటుగా వినిపించింది, వాళ్ళ అండీలు ఇక్కడివాళ్ళకి అతి వినయంగా, కాస్త నటనగా వినిపించాయి. పాఠ్యపుస్తకం, రేడియో, సినిమా అన్నీ కోస్తా భాషవైపే ఉండడంతో మోటు అనే ముద్ర మాత్రం ఒకవైపే పడింది. రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం వెనకాల ఈ పాత గాయం ఉంది.

ఇప్పుడు ఒక జిల్లా కేంద్రంలో ప్రైవేటు క్లినిక్కు చూద్దాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న నలభై ఏళ్ళాయన లోపలికి వెళ్తాడు. "రండి, కూర్చోండి. ఎన్నాళ్ళ నుంచి ఉంది?" ఆయన గూగుల్లో చదివినదంతా అడుగుతాడు. డాక్టరు కొంచెం విసుక్కున్నా జవాబు చెబుతాడు. తర్వాత టోకెన్ ఒక రైతుకూలీది, డెబ్భై ఏళ్ళుంటాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తాడు. భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుంటాడు. "ఏం పెద్దాయనా, ఏమైంది నీకు? కూర్చో." స్టూలు అంచున ఆనీ ఆననట్టు కూర్చుంటాడు. డాక్టరు మంచివాడే, ఫీజు కూడా సగమే తీసుకుంటాడు. చీటీ రాసి "ఇవి వాడు, తగ్గకపోతే వారం తర్వాత రా" అంటాడు. పెద్దాయన "అట్టాగేనయ్యా" అని లేస్తాడు. ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో, పాత బీపీ బిళ్ళ మానాలో వద్దో బయట మందుల షాపు కుర్రాణ్ణి అడుగుతాడు. లోపల రెండు నిమిషాల్లో పడిన తేడా ఇంటికెళ్ళాక ఒంటి మీద తేలుతుంది.

ఆ ప్రశ్న ఆయన ఎందుకు అడగలేకపోయాడు? తెలివి లేక కాదు. ఎరువుల షాపులో గంట బేరమాడే మనిషే. పెద్దవాళ్ళని ప్రశ్న అడగడం అన్నది చిన్నప్పుడే నేర్చుకునే విద్య, అందరి ఇళ్ళల్లో నేర్పరు. అమెరికా సామాజికవేత్త అనెట్ లారూ 1990ల్లో అక్కడి కుటుంబాల మధ్య గడిపి ఇదే గమనించారు. మధ్యతరగతి తల్లి డాక్టరు దగ్గరికి వెళ్తూ కార్లోనే కొడుక్కి చెబుతుంది, "నీకేం అడగాలనుంటే అది అడుగు, సిగ్గుపడకు" అని. కార్మిక కుటుంబాల్లో పిల్లలు పెద్దల ముందు అణకువగా ఉండడం నేర్చుకుంటారు, తల్లిదండ్రులే డాక్టరు ముందు, టీచరు ముందు తగ్గి మాట్లాడతారు. మన దగ్గర ఈ తేడా మీద కులం ఇంకో పొర వేస్తుంది. ఎదురు ప్రశ్న వేసినందుకు తాత దెబ్బలు తిన్న ఇంట్లో, "సిగ్గుపడకు" అనే మాట అంత తేలిగ్గా రాదు.

గ్లాసు, లిఫ్టు, సినిమా హాలు

రెండు గ్లాసుల పద్ధతి గురించి చాలామంది విన్నారు. హోటల్లో స్టీలు గ్లాసు కొందరికి, చూరులో దోపిన సత్తు గ్లాసు కొందరికి. తాగాక ఆ గ్లాసు వాళ్ళే కడిగి మళ్ళీ చూరులో దోపాలి. దీన్ని అరికట్టడానికి కేసులు పెట్టారు. నెలకోసారి, 30వ తారీఖున, ఊళ్ళలో పౌర హక్కుల దినం జరిపి తహశీల్దారు, ఎస్సై వచ్చి అందరితో కలిసి టీ తాగే పద్ధతీ పెట్టారు. తర్వాత పేపరు కప్పు వచ్చింది. అందరికీ ఒకటే కప్పు, తాగి పారెయ్యడమే. చాలా హోటళ్ళలో గొడవ అక్కడితో ఆగిపోయింది. కప్పు సమానమైంది, బల్ల మీద ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడి తాగుతారు అన్నది పాత పద్ధతిలోనే ఉండిపోయిన ఊళ్ళు లేకపోలేదు. ఇందాక చెప్పిన మానవాభివృద్ధి సర్వేలోనే, ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తామని 27 శాతం కుటుంబాలు ఒప్పుకున్నాయి. సర్వేకి వచ్చిన కొత్త మనిషి ముందు ఒప్పుకున్నవాళ్ళే అంతమంది.

పట్నంలో గ్లాసు వంటింట్లోకి చేరింది. పనామెకి టీ ఇచ్చే గ్లాసు వేరే ఉంటుంది, బాల్కనీలో సింకు పక్కన, కిటికీ అంచున. అడిగితే శుభ్రత అంటారు. ఆ ఇంట్లో అందరి కంచాలూ, గ్లాసులూ రోజూ కడిగేది ఆమే. వాటికి లేని మైల ఆమె తాగిన గ్లాసుకి ఎలా వస్తుందో శుభ్రత చెప్పలేదు. అపార్ట్‌మెంట్ లిఫ్టుల దగ్గర పనివాళ్ళు, డెలివరీ బాయ్స్ సర్వీస్ లిఫ్టే వాడాలని అంటించే నోటీసులదీ ఇదే వరస. అందులో కులం మాట ఉండదు. ఎవరు ఏ లిఫ్టు ఎక్కుతున్నారో నాలుగు రోజులు చూస్తే మాత్రం ఎవరికైనా తెలుస్తుంది.

ఈ చిన్న గీతలు ఎంత బరువైనవో అవి దాటినప్పుడు బయటపడుతుంది. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ తాగునీటి చెరువు దగ్గర మొదలైంది. మంచినీళ్ళు పాడుచేస్తుంటే ఒక మాదిగ మహిళ అడ్డం చెప్పింది. జూలై 17న దాడి చేసి ఆరుగురు దళితుల్ని చంపారు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో మొదలు సినిమా హాలు. చీకట్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. కాలు తగిలినందుకే చంపారని కాదు. చదువుకున్న దళిత కుర్రాళ్ళు ప్యాంటూ షర్టూ వేసుకుని, ఒకే క్లాసు టికెట్ కొనుక్కుని పక్క సీట్లలో కూర్చోవడం అప్పటికే కొందరికి కంటగింపుగా ఉంది. "సారీ" అంటే సరిపోయే చోట సారీ సరిపోకపోవడానికి కారణం అదే.

పిల్లల బుర్రలో

ఇవన్నీ బయట జరిగేవి. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. అగ్రకులాల పిల్లలు 321 మంది, దళితుల పిల్లలు 321 మంది, అందరూ ఆరో తరగతి, ఏడో తరగతి చదివే మగపిల్లలు. కాగితం మీద దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు, ఎన్ని చేస్తే అన్ని డబ్బులు. కులం ఊసెత్తనప్పుడు రెండు గుంపులూ దాదాపు సమానంగా చేశాయి. తర్వాత ఇంకో గుంపుకి, పజిల్స్ ఇచ్చే ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. దళిత పిల్లలు చేసిన పజిల్స్ దాదాపు ఐదో వంతు తగ్గిపోయాయి.

వాళ్ళని ఎవరూ తిట్టలేదు, బెదిరించలేదు. పేరు, ఊరు, కులం చదివారు, అంతే. స్కాలర్‌షిప్ ఫారాలప్పుడు మన బళ్ళలో జరిగేదీ అదే. "ఎస్సీలు నిలబడండ్రా" అని మాస్టారు అనేస్తారు. ఆయన ఉద్దేశం పిల్లలకి డబ్బు ఇప్పించడమే. ఫారం పేరుతో ఒక్కొక్కర్నీ విడిగా పిలిస్తే అయిపోయే పనికి క్లాసు మొత్తం ముందు నిలబెడతారు. ఆ తర్వాత పీరియడ్ లెక్కలదైతే ఏమవుతుందో ఆ ప్రయోగం చెప్పేసింది.

సర్దుకుపోవడం అన్న పని ఎప్పుడూ ఒకవైపే పడుతుంది. యాస మార్చుకునేది, ఊరు పేరు దాచుకునేది, తిండి డబ్బా మూత సగమే తెరిచేది, రిజర్వేషన్ల మీద జోకు వేస్తే అందరితో కలిసి నవ్వేది వాళ్ళే. రెండోవైపు వాళ్ళకి ఇవేవీ చెయ్యక్కర్లేదు, అందుకే "మా ఆఫీసులో అలాంటివేం లేవండీ" అని మనస్ఫూర్తిగా అనగలుగుతారు. అమెరికా వెళ్ళినవాళ్ళతోనూ ఇది వెళ్ళింది. 2023లో సియాటెల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు, ఇక్కడ కులం ఎక్కడుందని వాదించినవాళ్ళలో భారతీయులే ఉన్నారు. ఆ చట్టం కావాలి అని వాదించినవాళ్ళలోనూ భారతీయులే ఉన్నారు.

పిలుపులు మారుతున్న తీరు

కొన్ని మార్పులు పైనుంచి వచ్చాయి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అమలు ఎలా ఉందన్నది వేరే కథ. పోలీసులు జనాన్ని ఎడా, ఎడీ, నీ అని పిలవకూడదని 2021లో కేరళ హైకోర్టు చెబితే, అక్కడి డీజీపీ ఆ మేరకు సర్క్యులర్ ఇచ్చారు. మనకి ఒరేయ్, ఒసేయ్, నువ్వు ఎలాగో వాళ్ళకి అవి అలాగ. పిలుపు అనేది వ్యక్తిగత అలవాటు మాత్రమే కాదు, అధికారి చేసే పనిలో భాగం అని ఒక కోర్టు గుర్తించడం చిన్న సంగతేం కాదు.

కింది నుంచి వచ్చే మార్పులు ఇంకా తమాషాగా ఉంటాయి. హైదరాబాద్‌లో అన్నా, భాయ్, బాస్, ఇప్పుడు బ్రో. ఆటో ఎక్కేవాడూ తోలేవాడూ ఒకరినొకరు అన్నా అనుకుంటే లెక్క సమానం. బ్యాంకులో అందరూ అందర్నీ సార్ అంటారు, ప్యూను కూడా కొన్నిచోట్ల సారే.

ఊళ్ళలో అంత తేలిగ్గా కుదరదు. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీల్లో రిజర్వేషన్లు వచ్చి, నిన్నటిదాకా పేరు పెట్టి ఒరేయ్ అని పిలిచిన మనిషి సర్పంచ్ అయితే పెద్దమనుషులు ఏమని పిలవాలి? ఒరేయ్ అంటే కేసు. గారు అనడానికి నోరు రాదు. తెలుగులో దీనికో దొడ్డిదారి ఉంది: నువ్వు, మీరు రెండూ లేకుండా వాక్యం కట్టడం. "సర్పంచ్, ఎప్పుడు రావడం?" "ఇక్కడో సంతకం పెట్టాలి." "భోజనం అయిందా?" ఈ పద్ధతిలో ఐదేళ్ళ పదవీకాలం మొత్తం నెట్టుకొచ్చినవాళ్ళు ఉన్నారు. సర్పంచ్ కూడా ఆ ఇబ్బంది గమనిస్తూనే ఉంటాడు, అదే పద్ధతిలో "బండి బయల్దేరిందా?" అని తిరిగి అడుగుతాడు. ఆ పెద్దమనిషి కొడుకు మండలంలో జూనియర్ కాలేజీలో సర్పంచ్‌తో కలిసి చదువుకున్నవాడైతే అన్నా అంటాడు, బండి వెనక ఎక్కించుకుంటాడు. వాళ్ళింట్లో పెళ్ళికి పిలిచినప్పుడు సర్పంచ్‌కి ఏ బంతిలో విస్తరి వేస్తారన్నది మాత్రం ఇంట్లో పెద్దాయన ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి ఉంటుంది.